సభ గెలిచిన అయ్యవారు

వేదికెక్కి నాలుగు ముక్కలు చెప్పమంటే మనలో చాలామందికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ల్యాబులో చేతులు చురుగ్గానే ఆడతాయి, రికార్డూ నీటుగానే ఉంటుంది. సెమినార్ రోజు మాత్రం బోర్డు వైపు తిరిగి, కాగితంలో ఉన్నది గబగబా చదివేసి దిగిపోతాం. రేపు ఇంటర్వ్యూలోనైనా, ఉద్యోగంలోనైనా చేసిన పనిని పదిమంది ముందు వివరించక తప్పదు. పల్లెల నుంచి వచ్చిన మావంటి వాళ్లకు ఇది చిన్న చిక్కేమీ కాదు. అందుకే కడపలో ఏళ్ల తరబడి తెలుగు అయ్యవారుగా పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యుల జీవితం ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఆయన 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో జన్మించారు. పెరిగింది పెనుగొండలో. ఇంట్లో సంస్కృతం, పురాణం. వాటితోపాటు సంగీతం, నాట్యం కూడా చిన్నతనంలోనే పట్టుబడ్డాయి. నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నారు. అంటే విషయంతోపాటు గొంతు, చూపు, అడుగు కూడా సాధనతో వచ్చినవే.

అంతటి పండితుడికీ ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది. విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, తాను బాల్యంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉంది! దానిపై అడిగిన చిన్న ప్రశ్నకే పేజీలకు పేజీలు రాస్తూ పోయారట. గంట కొట్టేసరికి మిగతా ప్రశ్నలు అట్లే మిగిలిపోయాయి. సొంత పుస్తకం ఉన్న పరీక్షే తప్పారని సాహిత్యాభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలిసినదంతా చెప్పబోతే అడిగినది చెప్పడానికి టైము చాలదు.

ఇక 'శివతాండవం' సంగతి చూడండి. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ అల్లిన కావ్యమంటారు. అందులో మాటలే మద్దెల మోగినట్లు మోగుతాయి. ఎక్కడ సభ జరిగినా జనం అదే చదవమని పట్టుబట్టేవారు. ఆయన చదువుతుంటే తాళం, ఊపిరి, చేతులు అన్నీ అర్థంతోనే నడిచేవి. తెలుగు రానివాళ్లు కూడా లయకు తలలూపేవారట.

వినేవాళ్ల భాష నేర్చుకోవడం ఆయనకు మరో బలం. పద్నాలుగు భాషలు వచ్చునని ప్రసిద్ధి. విశ్వనాథ 'ఏకవీర'ను మలయాళంలోకి తెచ్చారు. ఋషీకేశంలో స్వామి శివానంద ఆయన్ను 'సరస్వతీపుత్ర' అన్నారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990 సెప్టెంబరు 1న కన్నుమూశారు.

మనకు పద్నాలుగు భాషలు రాకపోవచ్చు. అయినా పది నిమిషాల సెమినార్‌కు ముందు మూడు పనులు చేయవచ్చు గదా! చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటి తేల్చుకోవడం, గడియారం పెట్టుకుని బిగ్గరగా రెండుసార్లు చెప్పి చూసుకోవడం, బోర్డును వదిలి వెనకబెంచీ మిత్రుడి ముఖం చూసి మాట్లాడడం. ఇంగ్లీషు తడబడితే తెలుగులో ఆలోచించి చిన్న వాక్యాల్లో చెబుదాం. మన సీమ గొంతుకు సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆ గొంతుతోనే అయ్యవారు సభలు గెలిచారు.