భగవంతం గారి గ్రూప్ థియరీ

డిస్క్రీట్ మ్యాథ్స్‌లో గ్రూపులు వచ్చే యూనిట్‌ని మనలో చాలామంది చాయిస్‌కి వదిలేస్తాం. బీటెక్ అయ్యాక ఫిజిక్స్ వైపు వెళ్దామని మనసులో ఉన్నవాళ్లు మాత్రం వదలొద్దు. ఎందుకో తెలియాలంటే సూరి భగవంతం గారి గురించి తెలియాలి.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. చదివింది హైదరాబాద్‌లో, నిజాం కాలేజీలో. మన మొయినాబాద్‌లో బస్సెక్కి మెహిదీపట్నం దాటి ఇంకాస్త వెళ్తే బషీర్‌బాగ్‌లో ఆ కాలేజీ ఇప్పటికీ ఉంది. 1928లో, అంటే రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే, కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

పదార్థం మీద పడి చెదిరిన కాంతిలో కొత్త గీతలు కనిపిస్తాయి, అదే రామన్ ఎఫెక్ట్. ఏ గీతలు రావాలి, ఏవి రాకూడదు? కార్బన్ డయాక్సైడ్‌నే తీసుకోండి. మూడు పరమాణువులు, తొమ్మిది కదలికలు. అణువు మొత్తంగా జరగడం మూడు, మొత్తంగా తిరగడం రెండు తీసేస్తే నాలుగు కంపనాలు మిగులుతాయి. వాటిలో రామన్ ఎఫెక్ట్ ఇచ్చేది ఒక్కటే, రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికీ లోపలికీ ఊగేది. ప్రయోగం చేయకముందే ఈ మాట చెప్పేది అణువు సిమెట్రీ. ఆ సిమెట్రీని లెక్కలో పెట్టేది గ్రూప్ థియరీ.

అప్పట్లో చాలామంది ఫిజిక్స్ వాళ్లకి అదంటే చిరాకు. భగవంతం గారు టి. వెంకటరాయుడు గారితో కలిసి దాన్ని స్ఫటికాలకి వాడారు. 1942లో ఇంకో పని చేశారు. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి వెళ్లే తీరు మారుతుంది. దానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో పోకెల్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎప్పుడో లెక్కకట్టి పెట్టాడు. 32 స్ఫటిక తరగతుల్లో కొన్నింటికి ఆ లెక్క తప్పుగా ఉందని భగవంతం గారు గ్రూప్ థియరీతో చూపించారు. ఉస్మానియా వీసీ, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు... ఇవన్నీ తర్వాత అయ్యారు. నాకైతే వాటన్నిటికంటే ఈ దిద్దుబాటే పెద్దగా కనిపిస్తుంది.

1948లో వెంకటరాయుడు గారూ ఆయనా రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. 1989లో ఆయన పోయారు.

క్యాల్కులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఎలాగూ తప్పవు. వాటి పక్కన మ్యాట్రిక్సులు గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత గ్రూపులకి రండి. అక్కడ క్యారెక్టర్ అని భయపెట్టేది ఫస్టియర్‌లో మనం కూడిన మ్యాట్రిక్స్ ట్రేసే.