కీర్తనల కవి పురుషోత్తమ చౌదరి గారు

తెలుగు క్రైస్తవులు ఏ మిషనుకు చెందినవారైనను, ఏ పల్లె నుండి వచ్చినవారైనను, పుస్తకము చూడకుండ పాడగల కీర్తనలు కొన్ని గలవు. వానిలో అనేకములను రచించినవారు పురుషోత్తమ చౌదరి గారు. ఈ శతవార్షిక సంచికలో మిషనరీ దొరలను గూర్చియు, బిషప్పు గార్లను గూర్చియు వ్రాయువారు ఎందరో యుందురు. మేము ఏ పీఠమును అధిష్ఠింపని ఈ కవిని గూర్చి వ్రాయ తలంచితిమి. ఉప్పల్, నాచారం సంఘములలోని మాకు ఆయన చేసిన మేలు ఒకటి కలదు. దానిని పిదప చెప్పెదము.

చౌదరి గారు 1803వ సంవత్సరములో పర్లాకిమిడి ప్రాంతమందలి మదనాపురములో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. తెలుగు, ఒరియా కలిసి వినబడు సరిహద్దు సీమ అది. రెండు భాషలును, వానితో సంస్కృతమును, ఛందస్సును ఆయనకు అబ్బెను. విశాఖపట్నములో 1805 నుండి లండన్ మిషనువారు పనిచేయుచుండిరి. వారు తెలుగులో అచ్చువేసిన చిన్న పుస్తకములు ఉత్తరపు ఊళ్లలోనికి చేరుచుండెను. అట్టివి చదివి చౌదరి గారు కలతపడిరి. శ్రీకాకుళము వెళ్లి, విశాఖపట్నము వెళ్లి విచారించి, తుదకు 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి.

జంధ్యము తీసివేసిన బ్రాహ్మణునికి ఆ దినములలో అగ్రహారములో నిలువ నీడ లేదు. బంధువులు విడిచిపెట్టిరి. భార్య రాధామణి గారు సహితము మొదట ఆయన వెంట రాలేదు. కొంతకాలమునకు ఆమెయు వచ్చి ప్రభువును అంగీకరించిరి. సమాధానమును గూర్చి ఆయన వ్రాసిన కీర్తనలు ఈ గృహములో గడచిన దినములనుండియే పుట్టెనని మేము నమ్ముచున్నాము. వెలివేయబడిన బాధ ఎరుగనివాడు అట్లు వ్రాయలేడు.

తరువాత దాదాపు అర్ధ శతాబ్దము ఆయన గంజాము, విశాఖ మండలములలో సువార్త చెప్పుచు తిరిగిరి. నిస్తార రత్నాకరము, యేసుక్రీస్తు ప్రభు శతకము మున్నగు గ్రంథములు వ్రాసిరి. కులాచార పరీక్ష అను పుస్తకములో తాము పుట్టిన కులపు కట్టుబాట్లనే విమర్శకు పెట్టిరి. ఆ పుస్తకములను నేడు చదువువారు అరుదు. నిలిచినవి కీర్తనలే, అవి నూటికి పైగా కలవు.

అవి ఏల నిలిచినవో కొంచెము ఆలోచింపవలెను. దొరలు తెలుగుచేసిన పాటలలో మాటలను పరదేశపు రాగమునకు బిగించుటచేత దీర్ఘము పలుకవలసినచోట హ్రస్వమును, హ్రస్వము ఉన్నచోట దీర్ఘమును వచ్చును. పాడువారికి నోరు తిరుగదు. చౌదరి గారు అట్లు చేయక, మన దేశపు పల్లవిని, చరణములను, రాగతాళములను తీసికొనిరి. యతిప్రాసలు కుదిరియుండుటచేత ఒక పాదము జ్ఞాపకమువచ్చిన తరువాతి పాదము తనంతట వచ్చును. పంతులుగారు చరణము అందిచ్చిన చాలును, తాళములు, కంజిర పట్టుకొని సంఘమంతయు పల్లవి ఎత్తుకొనును. అక్షరము రానివారికి ఇదే వేదపాఠశాల ఆయెను. అగ్రహారములో పెరిగిన విద్య, అగ్రహారపు వీధిలో నడువనీయబడని మాల, మాదిగ బిడ్డల నాలుకమీదికి ఈ విధముగా చేరెను. మా దృష్టిలో ఆయన వ్రాసిన ఏ వాదగ్రంథముకన్నను ఇది గొప్ప పని.

అయితే పాడినవారందరు ఒక్కటిగా నుండిరని చెప్పుట సత్యము కాదు. మిషనులు దేశమును పంచుకొనిరి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులది, గుంటూరు లూథరన్‌లది, మచిలీపట్నము చర్చి మిషనరీ సంఘమువారిది, హైదరాబాదు, మెదక్ వెస్లియన్‌లది. ఈ సరిహద్దులతో కులపు సరిహద్దులు కలిసిపోయెను. 1878లో ఒంగోలు ప్రాంతమున వేల సంఖ్యలో బాప్తిస్మము పొందినవారు ఎక్కువగా మాదిగలు. మరికొన్ని మిషనులలో మాలలు హెచ్చు. ఒక ప్రభువును ఆరాధించుచు ఒక బంతిని భోజనమునకు కూర్చుండని గ్రామములు ఎన్నో యుండెను. డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు ఈ గోడను కూల్చుటకును, సంఘముల ఐక్యతకును జీవితమంతయు ప్రయాసపడి, 1945 జనవరి 1వ తేదీన నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27వ తేదీన. అందులోను తెలుగు బాప్టిస్టులు, లూథరన్‌లు చేరలేదు.

ఇన్ని గోడల మధ్యను ఒక్క పుస్తకము మాత్రము అటునిటు తిరుగుచుండెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చౌదరి గారి పాటలు అన్ని మిషనులవారివియు. బల్లయొద్ద కలియనివారు పల్లవియొద్ద కలిసిరి. రెవ. ఆర్. ఆర్. సుందరరావు గారు ఈ కీర్తనలలోని భక్తి వేదాంతమును పరిశోధించి 1983లో గ్రంథముగా వెలువరించిరి. ఆసక్తిగలవారు చదువదగును.

ఇప్పుడు మా సంగతి. ఉప్పల్, నాచారం ఒకప్పుడు నగరము వెలుపలి పల్లెలు. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఏర్పడెను; నాచారములో కర్మాగారములు లేచెను; పనికొరకు నలుదిక్కులనుండి కుటుంబములు వచ్చెను. ఒంగోలువారును, గుంటూరువారును, మెదకువారును ఒకే ఇంటి వరండాలో ప్రార్థనకు కూడిరి. ప్రార్థన క్రమము విషయములో తలయొక విధముగా నుండెను. ఎవరి పెద్దలు ఎవరు, ఎవరు ఏ పేటవారు అను విచారణ కూడ లోలోపల నడిచెను. దాచుటవలన లాభము లేదు. కాని చౌదరి గారి కీర్తన ఎత్తగానే అందరు పాడిరి.

పాడిరి గాని వరుసలు వేరు! కోస్తావారు సాగదీసి పాడునది తెలంగాణావారు భజన నడకలో పాడుదురు. మాటలు ఒకటే గనుక తగవు పెద్దది కాలేదు. ఆ తగవులోనే ఒకరి ఊరు ఒకరు అడిగి తెలిసికొనిరి. సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు పాత గీతలు మరల కనబడుట నేటికిని కలదు. ఎన్నికల మరుసటి ఆదివారము ఎవరి పక్కన ఎవరు కూర్చుండిరో చూచిన తెలియును. పాట మొదలైన తరువాత మాత్రము ఒకే పుస్తకమును ఇద్దరు పట్టుకొనక తప్పదు, ఎందుకనగా పుస్తకములు చాలవు.

చౌదరి గారు 1890లో, తమ 87వ ఏట కన్నుమూసిరి. హైదరాబాదులో వెస్లియన్‌ల పని అప్పటికి మొదలై పట్టుమని పండ్రెండేండ్లు కాలేదు. ఉప్పల్ పేరు ఆయన వినియుండరు. మా యువకులు నేడు కీబోర్డుమీద క్రొత్త పాటలు పాడుచున్నారు, మంచివియు కలవు. మట్టల ఆదివారమునకు, శుభ శుక్రవారమునకు మాత్రము పాత పుస్తకమునే తెరచుచున్నారు. వరుస ఏదను సంగతి ఇంకను తేలలేదు. మొదటి రెండు చరణములు కోస్తా వరుసలోను, తక్కినవి ఇక్కడి వరుసలోను పాడుచున్నాము.