ఎత్తు తెలిసిన ఇంజనీరు

ఎంసెట్‌కి చదివేటప్పుడు ఎంజీహెచ్ అంటే నాకు ఒక మార్కు, అంతే. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో అదే వేలమంది ప్రాణాలు తీసింది. ఎగువన కురిసిన వాన, ఎత్తు వల్ల వచ్చిన శక్తిని వేగంగా మార్చుకుని మూసీలో ఊరి మీద పడింది.

మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన పుట్టింది ముద్దేనహళ్లిలో, ఇంటిపేరు మాత్రం మన తెలుగు ఊరిది. చిన్నప్పుడే తండ్రి పోతే, ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, పుణెలో ఇంజనీరయ్యారు.

ఆయన ఆలోచన సింపుల్. నీళ్లని ఎగువనే, ఎత్తులోనే ఆపి మెల్లగా వదలాలి. శక్తి అంతే ఉంటుంది, టైమ్ పెరిగితే పవర్ తగ్గుతుంది. ఆ ఏడాదే ఆయన మైసూరు వెళ్లిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరిని ముంచిన ఆ ఎత్తే, గండిపేట నీళ్లని పంపులు లేకుండా ఊళ్లోకి తెచ్చింది.

1962లో ఆయన పోయారు. వీకెండ్‌కి గచ్చిబౌలి నుంచి గండిపేట వెళ్తే, నీళ్లకీ పూర్తి నీటిమట్టానికీ మధ్య ఖాళీ చూడండి. వరదొస్తే పట్టేది అక్కడే. నిండిన చెరువు ఏ వరదనీ ఆపలేదు.