బ్రాండన్ లీ మరణం: శాపం కాదు, ఎవరూ చూడని తుపాకీ గొట్టం

1993 మార్చి 31. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, విల్మింగ్టన్‌లోని ఓ స్టూడియో. అర్ధరాత్రి దాటాక ‘ది క్రో’ సినిమా షూటింగ్ జరుగుతోంది. హీరో సరుకుల సంచితో ఇంట్లోకి వస్తాడు, లోపలున్న దుండగుల్లో ఒకడు కాలుస్తాడు. అదీ సీన్. తుపాకీ పేలింది, హీరో పడిపోయాడు. నటిస్తున్నాడనే అందరూ అనుకున్నారు. కట్ చెప్పాక కూడా ఆయన లేవలేదు.

ఆ హీరో బ్రాండన్ లీ. బ్రూస్ లీ ఏకైక కుమారుడు. వయసు 28 ఏళ్లు.

తండ్రి పేరు మోస్తూ

బ్రాండన్ 1965 ఫిబ్రవరి 1న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. బాల్యం కొంత హాంకాంగ్‌లో గడిచింది. 1973 జూలైలో బ్రూస్ లీ 32 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయేనాటికి బ్రాండన్‌కు ఎనిమిదేళ్లు. తల్లి లిండా ఆయన్నూ, చెల్లెలు షానన్‌నూ తీసుకుని అమెరికాకు తిరిగి వెళ్లిపోయారు.

బ్రూస్ లీ బొమ్మ లేని కరాటే క్లాసు మన ఊళ్లలోనూ అరుదే. అంతటి తండ్రి పేరు బ్రాండన్‌కు అవకాశాలతో పాటు చిక్కులూ తెచ్చింది. ఆయన కోరుకున్నది నటన. బోస్టన్‌లోని ఎమర్సన్ కాలేజీలో చేరారు, నాటకాల్లో వేషాలు వేశారు. వచ్చినవి మాత్రం ఎక్కువగా ఫైట్ల సినిమాలు. 1986లో హాంకాంగ్‌లో ‘లెగసీ ఆఫ్ రేజ్’, 1992లో హాలీవుడ్‌లో ‘ర్యాపిడ్ ఫైర్’ అలాంటివే.

‘ది క్రో’తో ఆయనకు కావాల్సిన పాత్ర దొరికింది. పెళ్లికి ముందు రోజు కాబోయే భార్యతో పాటు హత్యకు గురై, తిరిగొచ్చే సంగీతకారుడి కథ అది. నిజ జీవితంలో బ్రాండన్ పెళ్లి ఏప్రిల్ 17న జరగాల్సి ఉంది.

తూటా ఎక్కడి నుంచి వచ్చింది?

సినిమాల్లో వాడే తుపాకులన్నీ బొమ్మలు కావు. ఆ రాత్రి పేలింది అసలైన .44 మాగ్నమ్ రివాల్వర్. అలాంటి తుపాకుల్లో రెండు రకాల తూటాలు వాడతారు. క్లోజప్ కోసం వాడే డమ్మీలో ముందు సీసపు గుండు కనిపిస్తుంది, లోపల మందు ఉండదు. కాల్చే సీన్లలో వాడే బ్లాంక్‌లో మందు ఉంటుంది, గుండు ఉండదు. మంట, చప్పుడు మాత్రమే వస్తాయి.

‘ది క్రో’ సెట్‌లో తయారైన డమ్మీలు కొనలేదు. అసలు తూటాల్లోని మందు తీసేసి, గుండు మళ్లీ బిగించారు. కానీ తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌ను తీయలేదు. ఒక దశలో ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ ప్రైమర్ పేలింది. ఆ కొద్దిపాటి శక్తికి గుండు గొట్టంలోకి జారి ఇరుక్కుపోయింది. ఎవరూ గమనించలేదు.

తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టారు. దాని మందు బలానికి ఇరుక్కున్న గుండు అసలు తూటాలాగే దూసుకొచ్చి బ్రాండన్ పొట్టలో దిగింది. ఆయుధాల నిపుణుడు ఆ రాత్రి సెట్‌లో లేరు. ఉండి ఒక్కసారి గొట్టంలోకి టార్చి వేసి చూసుంటే గుండు కనిపించేది.

డాక్టర్లు గంటల తరబడి ఆపరేషన్ చేసినా ఫలితం లేకపోయింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బ్రాండన్ కన్నుమూశారు. సియాటిల్‌లో తండ్రి సమాధి పక్కనే ఆయన్ను ఖననం చేశారు.

బాధ్యులెవరు?

నిర్లక్ష్యం జరిగిందని తేలినా, క్రిమినల్ కేసు పెట్టేంత ఆధారం లేదని స్థానిక ప్రాసిక్యూటర్ తేల్చేశారు. కార్మిక భద్రతా విభాగం నిర్మాణ సంస్థకు 84,000 డాలర్ల జరిమానా వేసింది. తర్వాత అదీ 55,000కు తగ్గింది. తల్లి వేసిన దావా రాజీతో ముగిసింది. మిగిలిన సీన్లను డూప్‌తో, కంప్యూటర్ సాయంతో పూర్తి చేశారు. 1994 మేలో విడుదలైన సినిమా ఒక్క అమెరికాలోనే 5 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

జనం మాత్రం లీ కుటుంబానికి శాపం ఉందన్నారు. బ్రూస్ లీ మరణం తర్వాత 1978లో విడుదలైన ‘గేమ్ ఆఫ్ డెత్’లో హీరోను షూటింగ్‌లోనే నిజమైన తూటాతో కాలుస్తారు. ఆ పోలికే ఈ ప్రచారానికి ఊపిరి పోసింది. కానీ శాపం అనుకుంటే ఎవరి బాధ్యతా ఉండదు.

బ్రాండన్ కంటే ముందే, 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు టీవీ సీరియల్ సెట్‌లో సరదాగా కణతకు ఆనించి పేల్చిన బ్లాంక్‌కే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2021 అక్టోబర్‌లో న్యూమెక్సికోలో ‘రస్ట్’ షూటింగ్‌లో డమ్మీల మధ్య కలిసిపోయిన అసలు తూటా సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్‌ను బలిగొంది. ఈసారి ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల జైలు శిక్ష పడింది.

బ్రాండన్ చనిపోయిన 28 ఏళ్ల తర్వాత కూడా జరిగింది అలాంటి తప్పే. నటుడి చేతికి ఇచ్చే ముందు తుపాకీలో ఏముందో ఎవరూ సరిగా చూడలేదు.