సైకిలు చట్రముల శిల్పి ఫలియెరో మాసి

బొబ్బిలి వీణ యనగానే దానిని వాయించిన విద్వాంసుని పేరు పదిమందియు చెప్పుదురు. గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి యా వీణను మలచిన వాని పేరడిగినచో సభ మౌనము వహించును. బుడితి కంచుపాత్ర నింట నుంచుకొన్న యిల్లాలికి అది యే చేతి పనియో తెలియదు. శ్రీకాకుళ, విజయనగర మండలములలో కొలిమిని నమ్మి బ్రదికిన మనవారికిది క్రొత్త సంగతి కాదు. కావుననే దూరదేశపు పనివాని చరిత్రము నొకదానిని ఈ సంచికయందు సంఘీయుల కర్పించుచున్నాము.

ఫలియెరో మాసి 1908లో ఇటలీ దేశమున జన్మించెను. యౌవనమున తానే సైకిలు పందెములలో త్రొక్కినవాడు. పిదప పనిముట్లు చేపట్టెను. మిలాను నగరమున విగొరెల్లి యను ప్రసిద్ధమైన సైకిలు పందెపు బాట గలదు. 1942లో ఫౌస్తో కొప్పి గంటసేపటిలో 45 కిలోమీటర్లకు పైగా త్రొక్కినది ఆ బాటమీదనే. ప్రేక్షకులు కూర్చుండు మెట్లక్రింద మాసి కర్మశాల వెలసెను.

మన బజారున సైకిలు ఒకప్పుడు ఇరువదిరెండంగుళములు, ఇరువదినాలుగంగుళములు అని రెండు మూడు కొలతలలోనే దొరకెడిది. మనిషియే దానికి సర్దుకొనవలసియుండెడిది. మాసి పద్ధతి వేఱు. కాలి పొడవు, మొండెము, చేతుల చాపు కొలిచి, ఆ మనిషికి దగిన చట్రమును కట్టెడివాడు. ఇటలీవారాతనికి దర్జీ యను మాఱుపేరు పెట్టుట యందులకే.

పని యెంత సున్నితమో మన కమ్మరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పందెపు సైకిలు ఉక్కుగొట్టము కొనలయందు మిల్లీమీటరులో తొమ్మిది పాళ్లు, నడుమ ఆరు పాళ్లు మాత్రమే మందము గలిగియుండును. గొట్టములు కలియుచోట ఉక్కు తొడుగులు వేసి, ఇత్తడి మాటు కరగించి లోనికి పాఱింపవలెను. వేడి తగ్గెనా, మాటు లోపలికి దిగదు. మించెనా, ఉక్కు సత్తువ చచ్చును. ఆ తప్పు రంగుక్రింద దాగి, కొండదిగుడులో రౌతు ప్రాణము మీదికి వచ్చును. మాసి ఆ తొడుగుల యంచులను ఆకురాతితో పలుచగా తీర్చుటలో పేరుగాంచెను.

కొప్పి, ఎడ్డీ మెర్క్స్ వంటి జగజ్జెట్టీలకు అతడు చట్రములు కట్టెను. అయిన నా సైకిళ్లలో ననేకముల మీద మాసి పేరు లేదు! పందెగాండ్రకు జీతమిచ్చు సైకిలు కంపెనీల పేర్లే వ్రాయబడెను. పని యతనిది, ప్రకటన వారిది. పందెగాండ్రు మాత్రము ఎవరి చేతిపనియో యెఱిగి, మరల మరల ఆ మెట్లక్రిందికే వచ్చుచుండిరి. కంపెనీవారిని మాత్రమే నిందింపము. ధనమిచ్చినవారు వారు, కూలి ముట్టినది. కాని కూలితో పేరుకూడ అమ్ముడుపోయినదా యని ప్రశ్నింపక మానము.

ఆ ప్రశ్నకు కాలమే విచిత్రమైన బదులు చెప్పెను. 1973 ప్రాంతమున అమెరికాలో తన పేరు వాడుకొను హక్కు నతడు విక్రయించి, కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడున కర్మశాల నెలకొల్పుటకై పోయెను. అచ్చట పనిచేసిన వారిలో పలువురు పిమ్మట స్వయముగా పేరు గడించిన చట్రకారులైరి. 1979లో వెలువడిన బ్రేకింగ్ అవే యను చలనచిత్రమున కథానాయకు డెక్కినది మాసి సైకిలే. అనగా ఇతరుల పేర్ల క్రింద తన పని దాగియున్న మనిషికి, తుదకు తన చేయి తగులని సైకిళ్లమీద తన పేరు ప్రకాశించెను. రెండింటిలో నేది యెక్కువ కష్టమో పనివాడైన చదువరియే తీర్పు చెప్పుగాక.

మాసి ఇటలీకి మరలివచ్చెను. విగొరెల్లి మెట్లక్రింది కర్మశాలను కుమారుడు ఆల్బెర్తో నిలిపెను. 2000లో ఫలియెరో మాసి కాలధర్మము నొందెను. అమెరికాలో ఆ పేరు గల సైకిళ్లు ఆ పిమ్మటను, ఆ కుటుంబమునకు చెందని కంపెనీవారి చేత, అమ్ముడగుచునే యుండెను.