డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

చేవెళ్ల: ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనబడితే ఆ మనిషిని ఊరవతలికి పంపిన రోజులవి. అన్నం దూరం నుంచి పెట్టేవారు. కన్నబిడ్డలు కూడా దగ్గరికి రావడానికి జంకేవారు. కుష్ఠు పూర్వజన్మ పాపమని నమ్మేవారు. నైజాం రాజ్యంలో అటువంటి వారి పక్కన పాతికేళ్లు నిలిచిన స్త్రీ డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875లో స్కాట్లండులో ఒక రైతు ఇంట జన్మించారు. ఆడవాళ్లు వైద్యం చదవడం అరుదైన ఆ కాలంలో ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1903లో డాక్టరు పట్టా పొందారు. అదే ఏడు జార్జి కెర్ అనే పాదిరిని పెళ్లాడారు. ఆయన పూర్వాశ్రమంలో వడ్రంగి. 1907లో దంపతులిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాదు రాజ్యానికి వచ్చారు.

నిజామాబాదులో ఆమె కంటబడిన వారిలో కుష్ఠు రోగులే ఎక్కువ దిక్కులేని వారు. 1911లో వారి కోసం ఒక ఆశ్రయం తెరిచారు. కొద్ది కాలానికే అది చాలకుండా పోయింది. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం విరాళమిచ్చారు. ఆ సాయంతో 1915 నాటికి హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే దారిలో ఉన్న డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలిసింది. ముస్లిం ప్రభువు ఏలుబడిలో, హిందూ దాత సొమ్ముతో, క్రైస్తవ డాక్టరమ్మ చేతుల మీదుగా అది నడిచింది.

అప్పటికి ఈ జబ్బుకు గట్టి మందు లేదు. ఇది క్రిమి వల్ల వస్తుందని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా, ఆ క్రిమిని చంపే మందు దొరకలేదు. తర్వాత అడవి గింజల నుంచి తీసిన చాల్మోగ్రా జాతి నూనెను సూదిమందుగా ఎక్కించే పద్ధతి వచ్చింది. దానిని ఈ రాజ్యంలో ముందుగా చేపట్టిన వారిలో ఇసబెల్ ఒకరు. నూనె చిక్కన, సూది నొప్పి. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వేయించుకోవాలి. జబ్బు తొలిదశలో ఉన్నవారికే ఎక్కువ గుణం కనిపించేది.

ఇంతకాలం రోగి ఓపిక పట్టాలంటే మందు ఒక్కటే చాలదు. పుండు కడిగే చేయి, చేయి పట్టుకుని మచ్చను పరీక్షించే మనిషి, రేపు కూడా వస్తుందన్న నమ్మకం కావాలి. ఏసుక్రీస్తు కుష్ఠు రోగిని తాకి బాగుచేశాడన్న కథ బైబిలులో ఉంది. ముందు తాకడం, తర్వాత బాగుపడడం. తాకడానికి అందరూ భయపడే వారి వద్ద నెమ్మదిగా, విసుగు లేకుండా ఉండడం కూడా దైవసేవే అన్నది ఆ కథ సారం. ఇసబెల్ జీవితం ఆ బాటలోనే సాగింది.

1923లో ఆనాటి ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932 డిసెంబరు 30న ఆమె హఠాత్తుగా కన్నుమూశారు. వయసు 57. పుట్టిన దేశానికి తిరిగిపోయి సుఖపడే అవకాశం తీసుకోలేదు.

ఆమె కోరుకున్న గట్టి మందు ఆమె పోయాక వచ్చింది. 1980ల నుంచి పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స అమలులోకి రావడంతో కుష్ఠు పూర్తిగా నయమవుతోంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో బిళ్లలు ఉచితం. జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. వాడడం మొదలుపెట్టాక ఇతరులకు అంటుకునే భయం త్వరలోనే పోతుంది. తొలిదశలో చూపించుకుంటే వేళ్లు వంకరపోవు.

మందు దొరికినా భయం ఇంకా పూర్తిగా పోలేదు. మచ్చ వస్తే దాచుకునే వారున్నారు, సిగ్గుతో ఆలస్యం చేసి అంగవైకల్యం తెచ్చుకునే వారున్నారు. బిళ్లలు ప్రభుత్వం ఇస్తుంది. రోగి మంచం పక్కన కూర్చుని కబురాడే పని మాత్రం ఇంటివాళ్లది, ఇరుగుపొరుగుది. గట్టి మందు లేని రోజుల్లో ఇసబెల్ కెర్ ఆ పని పాతికేళ్లు చేశారు.