పాడొద్దన్న చోటే గుడి కట్టారు!

నోటిఫికేషన్ పడగానే మన కళ్లు ముందు ‘అర్హతలు’ అన్న చోటికే వెళ్తాయి. బ్రాంచి సరిపోయిందా, పర్సంటేజీ ఉందా, వయసు దాటిపోలేదు కదా... శ్రీకాకుళంలో కోచింగ్‌కి వెళ్తూ, ఆదివారం పూట అరసవల్లి సూర్యనారాయణ స్వామికి దండం పెట్టుకుని వచ్చే మీలో చాలామందికి ఇది అలవాటైన టెన్షనే. పని వచ్చు, అయినా లిస్టులో పేరుండదు. ఆ బాధ తెలిసిన మీకు బెంగళూరు నాగరత్నమ్మ గారి కథ చెప్పాలి. ఆవిడ పాటకు అడ్డొచ్చింది మార్కులూ కాదు, వయసూ కాదు. పుట్టిన కులం, ఆడపుట్టుక.

ముందు విద్య

1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కుటుంబానికి చెందినావిడ. తండ్రి వకీలు, తల్లీబిడ్డల్ని వదిలేశారు. మైసూరు ఆస్థాన పండితుడు ఒకాయన చిన్నప్పుడు సంస్కృతం, సంగీతం నేర్పి మధ్యలో మానేశారు. అయినా ఆ తల్లి ఆగలేదు. కూతురిని బెంగళూరు తీసుకెళ్లి మునుస్వామప్ప గారి దగ్గర చేర్పించారు. ఆయన త్యాగరాజ స్వామి శిష్య పరంపరలోని వారు. అలా నాగరత్నమ్మకు త్యాగరాజ కృతులు, వాటితోపాటు తెలుగూ వంటబట్టాయి.

చిన్న వయసులోనే తల్లి పోయారు. తర్వాత మద్రాసు చేరి కచేరీలు చేశారు, గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఇన్‌కమ్ టాక్స్ కట్టే స్థాయికి ఎదిగారు. తన సంపాదన, తన లెక్క.

కత్తిరించిన పుస్తకం

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేవారు. ఆవిడ రాసిన తెలుగు కావ్యం ‘రాధికా సాంత్వనము’. నాగరత్నమ్మ గారికి దొరికిన అచ్చు ప్రతిలో కొన్ని పద్యాలు లేవు. ముద్దుపళని తన వంశం గురించి, తన గురించి చెప్పుకున్న భాగం కూడా ఎగిరిపోయింది. అంటే కావ్యం ఉంది, రాసిన మనిషి మాయం. మనమైతే ఉన్న పీడీఎఫ్‌తో సరిపెట్టుకుంటాం. ఆవిడ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించారు.

గొడవ మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారంతటి వారు ఆ కావ్యంలోని శృంగారాన్ని తప్పుపట్టారు. మగకవులు రాస్తే ఒప్పుకున్నదాన్ని ఆడది రాస్తే ఎందుకు ఒప్పుకోరని నాగరత్నమ్మ గారు నిలదీశారు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం వచ్చాకే, అంటే సుమారు 35 ఏళ్లకు, నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. ఆవిడ కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే.

కావేరి ఒడ్డున

1921 నాటికి ఆవిడకు 40 దాటాయి. తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి ఆలనాపాలనా లేక పాడుబడిందని తెలిసింది. తన డబ్బుతో పని మొదలుపెట్టారు. అక్కడే గుడి కట్టించారు. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది.

అసలు కథ ఇక్కడే. అప్పటికే అక్కడ ఏటా రెండు వర్గాలు వేర్వేరుగా ఆరాధన ఉత్సవాలు చేసేవి. రెండింటిలోనూ పాడే హక్కు మగవాళ్లకే. కట్టించిన మనిషే గుడి ముందు పాడకూడదు! మీరైతే ఏం చేసేవాళ్లు? ఆవిడ అలిగి మద్రాసు వెళ్లిపోలేదు, బతిమాలుతూనూ కూర్చోలేదు. 1927లో కళాకారిణులను కూడగట్టి మూడో ఉత్సవం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత ఏడాది, వదలకుండా నడిపారు. చివరికి 1940లో మూడు వర్గాలూ ఒక్కటయ్యాయి. ఆడవాళ్లు పాడే హక్కు దక్కింది.

గెలుపు వచ్చిందని ఊరుకోలేదు. ఇవాళ ఇచ్చిన మాట రేపు మారొచ్చని ఆవిడకు తెలుసు. 1949లో వీలునామా రాసి ఆస్తిని ఆ గుడి ట్రస్టుకే ఇచ్చారు. షరతు ఒకటే. ఆరాధనలో ఆడవాళ్లు, దేవదాసీలతో సహా, పాడటానికి అడ్డు ఉండకూడదు. నోటి మాటతో ఆఫర్ ఇచ్చే కంపెనీలను చూసిన మీకు కాగితం విలువ నేను చెప్పక్కర్లేదు.

గెలవని పోరాటం

అన్నీ గెలిచారనుకోకండి. దేవదాసీ విధానాన్ని రద్దు చేయాలని డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రయత్నించినప్పుడు నాగరత్నమ్మ గారు ఎదిరించారు. సంగీతం, నాట్యమే బతుకుగా ఉన్న కళాకారిణులను ఒక్క చట్టంతో చెడ్డవాళ్లుగా ముద్ర వేయొద్దన్నది ఆవిడ వాదన. ముత్తులక్ష్మి గారి తల్లి కూడా ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే. ఆ వ్యవస్థలో ఆడపిల్లలు పడిన కష్టం ఆవిడకు తెలుసు. 1947లో మద్రాసు చట్టం వచ్చేసింది. చట్టం అవసరమే. దాంతో కొందరి జీవనాధారం, గౌరవం పోయిన మాటా నిజమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే ఒక పక్షాన్నే విలన్ చేయకండి.

1952 మే 19న ఆవిడ కన్నుమూశారు. త్యాగరాజ స్వామి సన్నిధికి ఎదురుగానే ఆవిడ సమాధి, చేతులు జోడించి కూర్చున్న విగ్రహం ఉన్నాయి.

త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు వస్తుంది. మన అరసవల్లి రథసప్తమికి రెండున్నర వారాల ముందన్నమాట. ఈసారి టీవీలోనో ఫోన్‌లోనో పంచరత్న కృతుల గోష్ఠి ఒక్క పది నిమిషాలు చూడండి. వందల గొంతుల్లో ఆడవాళ్ల గొంతులు వినిపిస్తాయి. విజయనగరం సంగీత కళాశాలలో చదివే అమ్మాయి కూడా వెళ్లి అక్కడ కూర్చుని పాడొచ్చు. ఆ చోటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. తనకు ప్రవేశం లేదన్నా పని ఆపని ఒక గాయని, సొంత సంపాదనతో, పదమూడేళ్ల పట్టుదలతో సాధించి, కాగితం మీద రాసి మరీ మనకు వదిలి వెళ్లింది.